వేసిన డిక్కీ

దీపం వెలగలేదు. ఇవాళ్టికి వెలగదని నడుముకు ముందే తెలిసినట్టుంది, దాని గోల అది మొదలుపెట్టేసింది అనుకుంటూ ఎలక్ట్రీషియన్ డిక్కీలో ఎడమ పక్క నుంచి కుడి పక్కకు ఒత్తిగిల్లాడు. కారు వెనక సీట్లు మడిచి, డిక్కీ తలుపు లోపలి అట్ట ఊడదీసి, తాళం మోటారుకు వెళ్ళే తీగకు టెస్ట్ ల్యాంపు కట్టి, బయట నుంచి డిక్కీ దించి, పక్క తలుపులోంచి దొంగలా లోపలికి పాకి, పాత దుప్పటి మీద ఇలా పడుకుని ఎంతసేపయిందో తెలియదు. యాభై దాటిన మనిషి, ఈ వీధిలో సగం మంది మెకానిక్కులకు కరెంటు పని నేర్పినవాడు, మిట్టమధ్యాహ్నం తన షెడ్డు ముందు కారు డిక్కీలో బస్తాలా పడి ఉన్నాడంటే చూసినవాళ్ళు నవ్విపోతారు. నవ్వనీ. లెక్క మాత్రం చాలా సులువు. ఎవరూ ముట్టుకోకుండా ఆ దీపం వెలిగి డిక్కీ లేస్తే తప్పు కరెంటుది. దీపం వెలగకుండా డిక్కీ లేస్తే తప్పు తాళం కొండిది. అసలు లేవనే లేవకపోతే తప్పు మనిషిది. ఆ మనిషి తన బావమరిది, ఈ నిమిషాన ఇంట్లో సోఫా మీద కూర్చుని తన చేతులకేసి తనే చూసుకుంటూ ఉంటాడు.

ఆ చేతులే కదా డిక్కీ వేసింది, లేదా వేయనిది. హెడ్మిస్ట్రెస్ గారి కారుకు వాడు డ్రైవరు. ఆవిడ స్కూలుకు నడిచే వెళ్తుంది, కారు ఉన్నది ఆవిడ తల్లి కోసం, తల్లిని వారం వారం వ్యాయామం చేయించే ఆసుపత్రికి తీసుకెళ్ళడం కోసం. ఆ రోజు పెద్దావిడను ముందు సీట్లో కూర్చోబెట్టి, చక్రాల కుర్చీ మడిచి డిక్కీలో పెట్టి, ఆసుపత్రికి వెళ్ళే ఎత్తు రోడ్డు ఎక్కుతుంటే డిక్కీ దానంతటది లేచిపోయింది. కుర్చీ జారి రోడ్డు మీద పడింది. వెనక వస్తున్న లారీ దాన్ని తొక్కేసింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, దేవుడున్నాడు, కానీ ఆ చప్పుడుకు పెద్దావిడ కారులోనే బిగుసుకుపోయి ఇంటికి వచ్చిందాకా మాట్లాడలేదట. అదే కుర్చీ బదులు ఒక మోటారుసైకిలువాడు కింద పడి ఉంటే అనే మాట అందరూ అన్నారు, టీ కొట్టువాడితో సహా. హెడ్మిస్ట్రెస్ గారు మాత్రం తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మీ బావగారు చూస్తానన్నారుగా, చూడనివ్వండి. బండిలో లోపం ఉందని ఆయన చెబితే చాలు, నేను నమ్ముతాను. లేదంటే మాత్రం అమ్మను మీతో పంపడానికి నా మనసు ఒప్పదు" అంది, పిల్లవాడికి మార్కులు తగ్గాయని చెప్పినంత మెత్తగా. సాయంత్రం స్కూలు వదిలాక వస్తుంది కారు కోసం. ఆయన చెబితే చాలట. ఆ నమ్మకం ఒకటి తెచ్చి మెడకు కట్టింది మహాతల్లి, ఇప్పుడది రుబ్బురోలులా వేలాడుతోంది.

పక్క టైర్ల షాపులో గాలి మిషను ఆగాగి దగ్గుతోంది. ఎవడో సుత్తితో రిమ్ము మీద కొడుతున్నాడు, కొట్టినప్పుడల్లా ఆ దెబ్బ డిక్కీ రేకులోంచి వచ్చి సరిగ్గా చెవి వెనక తగులుతోంది. లోపల ఎండకు కాగిన ప్లాస్టిక్ వాసన, పాత దుప్పటి వాసన, తన ఒంటి చెమట వాసన. దీపం మీదే కళ్ళు పెట్టి చూస్తుంటే అది ఒకసారి వెలిగినట్టు అనిపిస్తుంది, మళ్ళీ చూస్తే లేదు, కళ్ళజోడు తుడుచుకుంటే అసలే లేదు. కళ్ళు కూడా మనవి కాకుండా పోతున్నాయి. ఇదివరకు కారు కింద దూరి తీగ రంగు చూసి ఏది ఎక్కడికి పోతుందో చెప్పేవాడు, ఇప్పుడు గోధుమరంగుకీ ఎరుపుకీ తేడా తెలియాలంటే లైటు దగ్గరికి తెచ్చుకోవాలి. మోకాళ్ళు సరేసరి. మొన్న భార్య అంది, ఇంక ఈ కిందపడి పొర్లే పనులు మానెయ్యండి, బ్యాటరీలు అమ్ముకుంటూ కుర్చీలో కూర్చోండి అని. కుర్చీలో కూర్చోవడం అంత తేలికా. కూర్చుంటే ఆలోచనలు వస్తాయి. పడుకున్నా వస్తాయని ఇప్పుడు తెలిసింది.

చెయ్యాల్సినవన్నీ చేశాడు, చెయ్యనిదేమీ మిగల్లేదు. మొదట అందరికీ అనుమానం వచ్చేది మడత బందు దగ్గర, డిక్కీ లేచి దిగే చోట తీగలు రోజూ వంగి వంగి లోపలి రాగి తెగిపోతుంది, పైకి మాత్రం తొడుగు నిక్షేపంలా ఉంటుంది. రబ్బరు గొట్టం వెనక్కి లాగి ఒక్కో తీగనూ వేళ్ళతో వంచి చూశాడు. అన్నీ రాయిలా ఉన్నాయి. తాళం చెవిలో మీట దానంతటది నొక్కుకుంటోందేమోనని అందులో సెల్లు తీసేశాడు. తాళం కొండి ఊడదీసి శుభ్రం చేసి మళ్ళీ బిగించాడు. నంబరు ప్లేటు పైన ఉండే బటన్ నొక్కి చూశాడు. నొక్కితే డిక్కీ లేస్తోంది, నొక్కకపోతే ఊరుకుంటోంది, ఇంతకంటే బుద్ధిమంతురాలైన బటన్ ఎక్కడ దొరుకుతుంది. అన్నీ అయ్యాక, రెండు రోజులు తిప్పి చూసినా ఒక్కసారైనా లేవకపోయాక, ఇదిగో ఈ ఆఖరి పని, కాపలా. వైద్యుడు రాగానే జ్వరం తగ్గిపోయినట్టు, చూసేవాడుంటే ఏ లోపమూ బయటికి రాదు. వాడి మాట నిజమైతే కదా అసలు రావడానికి, అనే ఇంకో గొంతు కూడా లోపల ఉంది, అది తన గొంతే, దాన్ని ఎంత తొక్కినా పైకి లేస్తూనే ఉంది.

ఆ గొంతు ఎందుకు లేవదు. వాడికి హడావుడి అని పేరు పెట్టింది తనేగా. పెట్టింది కూడా తన పెళ్ళిలోనే. ఫోటోలు నేనే తీస్తానని పట్టుబట్టి, అరువు కెమెరా మెడలో వేసుకుని, వచ్చిన చుట్టాన్నల్లా నిలబెట్టి నవ్వించి, మొత్తం రీలు కెమెరా మూత తీయకుండా తీసిన ఘనుడు. ఇప్పటికీ ఇంట్లో పెళ్ళి ఫోటో అంటే ఎవరో పక్కింటాయన తీసినదొక్కటే ఉంది, అందులో పెళ్ళికొడుకు సగమే పడ్డాడు. భార్య ఆ సంగతి చెప్పినప్పుడల్లా నవ్వుతుంది, చెప్పి చెప్పి నవ్వు అరిగిపోయినా నవ్వుతుంది. ఆ తర్వాత పాలు పొయ్యి మీద పెట్టి సినిమాకు పోవడం, రైలెక్కాల్సిన పెట్టె ఇంట్లో వదిలి ఇంట్లో ఉండాల్సిన పెట్టె రైలెక్కించడం, ఒకటా రెండా. ఏ వస్తువు కనపడకపోయినా, ఏ తలుపు తీసి ఉన్నా, వీధిలో ఆవు గేటు తీసుకుని లోపలికి వచ్చినా, ఇంకెవరు, వాడే అయి ఉంటాడు. వాడూ నవ్వేవాడు. నేనే బావా, నేను కాకపోతే ఎవడికి వస్తుంది ఈ తెలివి అనేవాడు. ఒకసారి పేరు పడ్డాక దాన్ని మోసుకు తిరగడం వాడికీ అలవాటైపోయింది.

కుర్చీ పడిన రోజు సాయంత్రం ఇంటికి వచ్చి వాడు వేశాను బావా అన్నాడు, మొట్టమొదటి మాట అదే. వేశాను, చప్పుడు కూడా విన్నాను. తను నవ్వాడు. నవ్వాల్సింది కాదు. భార్య వంటింట్లోంచి వచ్చి, సరిగ్గా గుర్తు తెచ్చుకోరా, కుర్చీ పెట్టాక ఫోనేమైనా వచ్చిందా అంది. రాలేదక్కా. పెద్దావిడ పిలిచిందా. పిలిచింది కానీ వేశాకే. వేశాకా, వేయకముందా. వేశాకే. గట్టిగా పడిందా, ఊరికే దించావా. గట్టిగానే. అంటే ఎంత గట్టిగా. అలా అడిగారు ఇద్దరూ, ఆ రోజూ మర్నాడూ, అన్నం తినేటప్పుడూ పడుకునేటప్పుడూ, వాడి మంచికే అనుకుంటూ. ఎవరినైనా అంతలా గుచ్చి గుచ్చి అడిగితే తన పేరు మీద తనకే అనుమానం వస్తుంది. వాడికి వచ్చేసింది. ఇప్పుడు రాత్రి తలుపు గడియ వేసి వచ్చి కూర్చుని, మళ్ళీ లేచి వెళ్ళి గడియ లాగి చూసి వస్తాడు. కుళాయి కట్టేసి, చెయ్యి చాపి నీళ్ళు పడుతున్నాయేమోనని పట్టుకుని చూస్తాడు. గ్యాసు కట్టేశావా అక్కా అని అడగడం మొదలుపెట్టాడు, అక్క వాణ్ణి అడగాల్సిన మాట వాడే అక్కను. ఒక్క హాస్యం లేదు, ఒక్క కూనిరాగం లేదు. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటే బాగుండునని తను ఎన్నిసార్లు అనుకున్నాడు, తీరా నిశ్శబ్దంగా ఉంటే ఆ ఇంట్లో కూర్చోబుద్ధి కావడం లేదు.

నిన్న పొద్దున గడ్డం గీసుకుంటుంటే వెనక వచ్చి నిలబడ్డాడు. అద్దంలో వాడి మొహం కనిపించింది, గడ్డం మాసి, కళ్ళ కింద నల్లగా. "బావా, నేనే వేయలేదేమో" అన్నాడు. "వేశానంటివిగా." "వేశాననే ఉంది. కానీ వేయకపోయినా వేశాననే ఉంటుందేమో కదా. నా చెయ్యి మీద నాకే నమ్మకం పోయింది బావా. నువ్వు ఊరికే నడుం విరగ్గొట్టుకోకు, ఆవిడకు బండి ఇచ్చెయ్." బుగ్గకు సబ్బు నురగ అలాగే ఎండిపోయింది. పెళ్ళాం లేదు వాడికి, పిల్లలు లేరు, కుదిరిన సంబంధమల్లా ఏదో ఒక హడావుడిలో తప్పిపోయింది, ఉన్నదల్లా ఈ ఉద్యోగం, ఆ పెద్దావిడ పొద్దున్నే వీడి కోసం వరండాలో ఎదురుచూడటం. ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది, లోకం గొడ్డుపోలేదు. కానీ తన చేతిని తను నమ్మనివాడికి స్టీరింగ్ ఎవడిస్తాడు, ఇచ్చినా వాడు పట్టుకుంటాడా. మనసులో చెప్పలేనంత బాధ వేసింది అప్పుడు, నలభై ఏళ్ళవాణ్ణి పట్టుకుని ఏడవకురా అనాలనిపించింది, వాడు ఏడవడం లేదు కూడా.

ఇవాళ బయల్దేరుతుంటే భార్య గేటు దాకా వచ్చింది, ఎప్పుడూ రాదు. తమ్ముడికి వినపడకుండా గొంతు తగ్గించి, "ఏమండీ, ఏదో ఒకటి తేల్చండి" అంది. ఏదో ఒకటి అంటే ఏదో ఒకటి కాదు, ఆ ఒకటే. ఆవిడ కళ్ళలో ఉంది ఏది తేల్చాలో. అబద్ధమాడమని నోటితో అనలేదు పాపం. ఎంతసేపు. ఆ మడత బందు దగ్గర ఒక తీగ పట్టుకారతో కొరికి, ఇదిగోనమ్మా, ఇక్కడ తెగింది అంటే అయిపోతుంది, హెడ్మిస్ట్రెస్ నమ్ముతుంది, ఎందుకంటే ఆయన చెబితే చాలంది కాబట్టి. ఇన్నేళ్ళలో బండిలో లేని జబ్బు ఉందని ఒక్కరికి చెప్పలేదు. పని లేని రోజుల్లో కూడా చెప్పలేదు, పిల్ల కాలేజీ ఫీజు రోజుల్లో కూడా చెప్పలేదు. ఇప్పుడు ఇంట గెలవడానికి రచ్చలో అబద్ధమాడాలా. ఆడినా వాడికి తెలియదా. తెగిన తీగ చూపిస్తే కళ్ళలోకి చూస్తాడు, వాడికి తీగలు తెలియకపోవచ్చు గానీ బావ మొహం తెలుసు. అప్పుడు వాడికి మిగిలేది ఏమిటి, బావ కూడా నమ్మలేదు, అందుకే అబద్ధం ఆడాడు అనే ఒక్క ముక్క. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో ఈ డిక్కీ. నడుం మళ్ళీ కలుక్కుమంది.

కళ్ళు మూతలు పడుతున్నాయి. పడకూడదు. పని నేర్పిన మేస్త్రీ అనేవాడు, బండి చెప్పేది ఎవడైనా వింటాడురా, బండివాడు చెప్పేది వినేవాడే పనివాడు అని. బండివాళ్ళు చెప్పేదంతా సోదిలా ఉంటుంది, మా మామగారింటికి వెళ్తున్నామండీ, వర్షం పడిందండీ, మా చిన్నదానికి వాంతయిందండీ అంటూ, నీకు కావలసిన ముక్క ఆ సోదిలోనే ఎక్కడో ఉంటుంది, బియ్యంలో రాయిలా. మేస్త్రీకి ఓపిక ఎక్కువ. బీడీ ఒకటి పూర్తిగా కాలిందాకా ఎదుటివాణ్ణి మాట్లాడనిచ్చేవాడు. తనకు ఊళ్ళోవాళ్ళ సోది వినే ఓపిక ఉంది, ఎంతసేపైనా వింటాడు, ఇంట్లోవాడి సోది వినే ఓపికే లేకపోయింది. వాడు ఎక్కడ మొదలుపెట్టేవాడు. ప్రతిసారీ ఒక్కచోటే మొదలుపెట్టేవాడు. ఆ రోజు పొద్దున్నే బండి కడిగాను బావా, అద్దంలా చేశాను, పెద్దావిడ తలుపు రేకులో మొహం చూసుకుని నవ్వింది కూడా. ప్రతిసారీ తను అక్కడే ఆపేవాడు, నీ కడుగుడు సంగతి ఎవడికి కావాలిరా, మూసిన సంగతి చెప్పు అని. కడిగాను బావా. మూసిన సంగతి చెప్పు. కడిగి అప్పుడే బయల్దేరాం బావా, డోర్లు లాక్ కూడా వేయలేదు, లాక్ పడిన చప్పుడు వింటే ఆవిడకు ఊపిరాడదు. మూసిన సంగతి చెప్పు.

కడిగి అప్పుడే బయల్దేరాం.

ఎలక్ట్రీషియన్ లేవబోయాడు, తల పైకప్పుకు తగిలింది. లాక్ వేయలేదు. తనేం చేశాడు. షెడ్డులోకి ఏ బండి వచ్చినా ముందు లాక్ వేస్తాడు, ఒకసారి ఎవడో టేప్‌రికార్డరు ఎత్తుకుపోయినప్పటి నుంచీ అలవాటు, చెయ్యి దానంతటది వేసేస్తుంది, ఇప్పుడు లోపలికి పాకాక కూడా వేశాడు, డిక్కీలో తనే పడుకుని తనను ఎవరు ఎత్తుకుపోతారో తెలియదు. ఈ పాత బండిలో డోర్లు లాక్ అయి ఉంటే బయటి బటన్ పనిచేయదు, నొక్కినా లేవదు. బటన్ నొక్కి చూసిన ఆ నిమిషం తప్ప రెండు రోజులుగా లాక్ వేసి, పొడిగా ఎండలో పెట్టి, ఎందుకు లేవవు ఎందుకు లేవవు అని కాపలా కాస్తున్నాడు. తిప్పి చూసినప్పుడూ అంతే, స్టీరింగ్ ముందు కూర్చోగానే మొదటి పని లాక్. వాడిది మతిమరుపట. ముందు సీట్ల మధ్యలోంచి ఈదుకుంటూ వచ్చి, లాక్ తీసి, కాళ్ళు తిమ్మిరెక్కి రెండడుగులు కుంటి, టైర్ల షాపులో ట్యూబులు ముంచే తొట్టిలోంచి మగ్గుతో నీళ్ళు తెచ్చి, నంబరు ప్లేటు పైనున్న బటన్ మీదికి కింద నుంచి చల్లాడు. ఇంకో మగ్గు. వాడు కడిగితే మగ్గుతో సరిపెట్టడని ఇంకోటి. మళ్ళీ లోపలికి పాకాడు. నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్న చప్పుడు వినపడుతోంది. దీపం వెలగలేదు. వెలగలేదు. టైర్ల షాపు మిషను ఆగింది. ఎక్కడో ఒక బండి హారను కొట్టింది. వెలగలేదు. కన్ను మండి నీళ్ళు తిరిగాయి, తుడుచుకుందామా వద్దా అనుకునేలోపు అది వెలిగింది.

కటక్‌మని కొండి వదిలింది, గ్యాసు రాడ్లు నిట్టూర్చి డిక్కీ మెల్లగా లేచింది, ఎండ వచ్చి మొహాన పడింది. లేవబుద్ధి కాలేదు కాసేపు. ఎదురుగా రోడ్డు కనిపిస్తోంది, సంచీ పట్టుకుని పోతున్న ఒకాయన డిక్కీలో పడుకున్న మనిషిని చూసి తల తిప్పుకుని పోయాడు. ఎంత తేలిక పని. వినాల్సింది మొదటి రోజే విని ఉంటే అరపూట పని. సంతోషం రావాలి, వచ్చింది కూడా, కానీ ఒళ్ళంతా పరుచుకున్న అలసట దాన్ని ముందుకు రానివ్వడం లేదు.

బటన్ ఊడదీసి చేతిలోకి తీసుకున్నాడు. పైన ఉండాల్సిన రబ్బరు తొడుగు ఉబ్బి, మెత్తబడి, ఒక పక్క సన్నగా చిట్లి ఉంది, గోరు ఆనిస్తే జిగురుగా లోపలికి దిగింది. ఆ చిట్లిన చోటు నుంచి నీళ్ళు లోపలికి దిగితే అది నొక్కినట్టే లెక్క. నీళ్ళు ఆరిపోతే మళ్ళీ బుద్ధిమంతురాలు. రబ్బరు వయసుకు ఎండి బీటలు వారుతుంది, ఇలా ఉబ్బదు. ఎందుకు ఉబ్బిందా అని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఈ వాసన తనకు తెలుసు. కారు వాసన కాదు, షెడ్డు వాసన కాదు, ఇంటి వాసన, సోఫా మీది దిండు వాసన. తలకు రాసుకునే నూనె. వాడు తల దువ్వుకున్నాక అరచేతిలో మిగిలిన నూనె ఎప్పుడూ కడుక్కోడు, వృథా ఎందుకని చెప్పుల పట్టీలకు రాస్తాడు, కుట్టుమిషను పిడికి రాస్తాడు, తన హెల్మెట్టు అంచుకు కూడా రాస్తే ఒకసారి తనే తిట్టాడు. నల్లటి వస్తువు నల్లగా నిగనిగలాడాలి వాడికి. బండి కడిగి, తుడిచి, ఆఖరున ఈ బటన్‌కు కూడా వేలితో ఒక చుక్క. రోజూ. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ రోజూ. నూనె రబ్బరును తినేస్తుందని వాడికెవరు చెప్పారు.

ఇప్పుడు హెడ్మిస్ట్రెస్ గారికి ఏం చెప్పాలి. రబ్బరు పాడైందమ్మా, నీళ్ళు దిగాయి, డిక్కీ లేచింది. ఇది అబద్ధం కాదు. పాత బండి, పాత రబ్బరు అంటే ఆవిడ తల ఊపుతుంది. నూనె మాట ఎత్తితే మళ్ళీ కథ మొదటికి వస్తుంది, చివరికి మీ డ్రైవరే పాడుచేశాడన్నమాట అంటుంది, అనకపోయినా అనుకుంటుంది. అసలు వాడికీ చెప్పక్కర్లేదు. ఇకమీద దీన్ని ముట్టుకోకురా అంటే చాలు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, ఎందుకొచ్చిన గొడవ. అలా తీర్మానించుకుని బటన్‌ను ఆరబెట్టి దాని చోట దాన్ని మళ్ళీ పెడుతుండగా క్యారేజీ పట్టుకుని వాడే వచ్చాడు. అక్క పంపింది అన్నట్టు క్యారేజీ పైకెత్తి చూపించి, కారుకు దూరంగా, డ్రమ్ము పక్కన నిలబడ్డాడు.

"డిక్కీ వెయ్యి" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"నువ్వే వెయ్యి బావా."

"చేతులు బాగాలేవు, నువ్వు వెయ్యి."

వాడు క్యారేజీ కింద పెట్టి వచ్చాడు. రెండు చేతులతో డిక్కీ దించి, నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కి, అంచు కింద వేళ్ళు పెట్టి లాగి చూసి, "పడిందా బావా" అని అడిగాడు. పడింది అన్నాడు తను. వాణ్ణి వెనక్కి జరిపి మగ్గుతో నీళ్ళు చల్లి, ఊరికే నిలబడు, అటే చూడు అన్నాడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు, ఫోటోకు నిలబడినట్టు. వాడికేమీ అర్థం కావడం లేదు, అయినా అడగడం లేదు, ఈమధ్య ఏదీ అడగడం లేదు. నీళ్ళు కారి కారి ఆగిపోయాయి. తర్వాత కటక్‌మంది. డిక్కీ లేచింది. వాడు ఒక్క అడుగు వెనక్కి వేసి రెండు చేతులూ పైకెత్తాడు.

"నేను ముట్టుకోలేదు బావా."

"చూస్తూనే ఉన్నాగా."

"ఆ రోజు..."

"వేశావు. వేసిందే లేచింది."

వాడు డ్రమ్ము మీద కూలబడ్డాడు. మొహం మీద చొక్కా చెయ్యి పెట్టుకున్నాడు, భుజాలు కదిలాయి. ఎలక్ట్రీషియన్ అటు చూడకుండా, ఆ బటన్ రబ్బరు పాతబడి పాడైంది, నీళ్ళు పడితే దానంతటది నొక్కుకుంటోంది, కొత్తది వేస్తే సరిపోతుంది అని గోడకు చెప్పినట్టు చెప్పాడు. వాడు లేచి వచ్చి వంగి చూశాడు. వేలితో రబ్బరు తడిమాడు.

"ఎందుకు పాడవుతుంది బావా, రోజూ నూనె రాస్తూనే ఉన్నాగా."

ఇక దాచడానికి ఏముంది. "ఆ నూనె వల్లే పాడైంది" అన్నాడు. వాడు వేలు వెనక్కి తీసుకున్నాడు. వాడి మొహంలో ఏం కదులుతోందో తెలియలేదు, తెలుసుకునే ఓపిక కూడా ఇక మిగల్లేదు, అందుకని గబగబా, "ఆవిడకు ఆ ముక్క అక్కర్లేదు. రబ్బరు పాతదని చెబుదాం. అంతవరకే" అన్నాడు.

"లేదు బావా, చెప్పు."

"మళ్ళీ నీ మీదికే వస్తుందిరా."

"రానీ. మర్చిపోయానని అన్నారుగా ఇన్నాళ్ళూ అందరూ. మర్చిపోకుండా రోజూ చేశానని కూడా ఒకసారి అననీ." ఆ మాట అన్నాక వాడి గొంతు కాస్త తేరుకుంది. "ఆవిడకు సాయంత్రం నేనే చెబుతాలే. అక్కకు మాత్రం నువ్వు చెప్పు. ఇప్పుడే చెప్పు, నా ఎదురుగా."

ఎలక్ట్రీషియన్ తడి చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని ఫోను తీశాడు. ఒక్క రింగుకే ఎత్తింది భార్య, చేతిలోనే పట్టుకుని కూర్చున్నట్టుంది. వాడు వేశాడు అని చెప్పాడు. వాడు ఎదురుగా నిలబడి, ఇంకోటి, ఇంకోటి చెప్పు అన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు.

"బటన్‌కు నూనె రాశాడట, అందుకే పాడైంది" అన్నాడు ఎలక్ట్రీషియన్. "రోజూ రాశాడట. ఒక్కరోజు కూడా మానలేదట."